మాట తప్పినవానికి తోడెవ్వరు?

మంచిదని యెరిగినదానిని చేయలేకపోవుటయు, చెడ్డదని యెరిగినదానిని మానలేకపోవుటయు నీతిశాస్త్రమున చిరకాలముగా చర్చింపబడుచున్న సమస్య. గ్రంథములలో ఇది పండితుల వాదమువలె కనిపించును. మద్యమునకు లోబడిన యింటిలో మాత్రము ప్రతి సాయంకాలమును ఇదే ప్రశ్న. బిడ్డ తలపై చేయి వేసి ఒట్టు పెట్టుకొన్న తండ్రి నెల తిరుగకుండ త్రాగి వచ్చును. ఆ యొట్టు అబద్ధమా? ఒట్టు పెట్టుకొన్న దినమున అతని కన్నీరు నిజము. ఒట్టు తప్పిన దినమున అతని బలహీనతయు నిజము. ఈ రెండు నిజముల నడుమ భార్య, తల్లి, పిల్లలు నలిగిపోవుచుందురు. కావున విచారింపవలసిన ప్రశ్న ఇది: మాట నిలుపుకొనలేనివానిని మాటతోనే కట్టివేయ జూచుట ధర్మమా? లేక అతనికి మరియొక ఆధారమును చూపుట ధర్మమా?

కదిరికిని పుట్టపర్తికిని నడుమనున్న నల్లమాడ ప్రాంతమును తీసికొనుడు. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మండలమిది. ఈ కరువుసీమలో సంవత్సరమునకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ విత్తి ఆకాశమువైపు చూచుటయు, బోరు వేసి అప్పువైపు చూచుటయు ఇచటి సేద్యము. పంట పోయిన యేట బెంగుళూరికి కూలికి పోవుట అలవాటు. కరువే త్రాగించుచున్నదని కొందరందురు. అదే కరువున త్రాగని యిండ్లును గలవు. పంట పండిన యేట మరింత త్రాగిన యిండ్లును గలవు. కష్టము మద్యమునకు దారి చూపవచ్చును గాని, ఆ దారిలో మనుష్యుని నిలిపియుంచునది వేరొకటి. అది శరీరమున పాతుకొన్న పరాధీనత.

ఈ పరాధీనతను వైద్యశాస్త్రము రోగముగా గుర్తించినది. ఏండ్ల తరబడి దినదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొందరికి మతి తప్పి లేనివి కనిపించును; చికిత్స లేనిచో ప్రాణాపాయమును గలుగవచ్చును. దీని నెరుగని పెద్దలు, త్రాగువానిని గదిలో పెట్టి తాళము వేసి, పట్టుదలతో మానునని తలంతురు. అది పట్టుదల పరీక్ష కాదు, ప్రాణముతో ఆట. ఎక్కువగా త్రాగువాడు మాన నిశ్చయించినచో మొదట పోవలసిన చోటు వైద్యశాల. నల్లమాడ ప్రాంతమునకు అందుబాటు దూరములో బెంగుళూరునందు 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ ఉన్నది. అచట వ్యసనచికిత్సకు ప్రత్యేక విభాగము గలదు. అంత దూరము పోలేనివాడు సమీప ప్రభుత్వ వైద్యశాలలోని వైద్యునితో తాను త్రాగు పరిమాణమును దాచక చెప్పినను మేలే.

ఇచటనే ఒక ధర్మసంకటము గలదు. భర్తకు తెలియకుండ కూరలోనో కాఫీలోనో మందు కలిపి త్రాగుడు మాన్పింపవచ్చునని గోడలమీద ప్రకటనలు కనిపించుచుండును. విసిగిపోయిన గృహిణి దానిని నమ్ముటలో ఆశ్చర్యము లేదు. డెన్మార్కు వైద్యులు 1948లో లోకమునకు తెలిపిన డైసల్ఫిరామ్ అను ఔషధమున్నది. దానిని సేవించినవాడు మద్యము ముట్టినచో ముఖము ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపుపోటు పడిపోవును. రోగి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో పుచ్చుకొనినప్పుడు అది కావలి. తెలియనివానికి పెట్టినచో అది విషతుల్యము. ఎందుకనగా తాను ఏమి మ్రింగెనో ఎరుగక అతడు త్రాగును, ప్రాణము మీదికి తెచ్చుకొనును. 2017 మానసిక ఆరోగ్య చట్టము మద్యముచే కలుగు మానసిక స్థితులను గూడ తన పరిధిలో చేర్చి, చికిత్సకు రోగి సమ్మతి మూలమని చెప్పినది. చట్టము మాట అటుండనిమ్ము. మోసముచే కలిగిన నిగ్రహము నిగ్రహము కాదు. మోసము బయటపడిన దినమున ఆ యింట మిగిలియున్న కొద్దిపాటి నమ్మకమును నశించును.

వైద్యశాల శరీరమును శుభ్రపరచును. పదిదినములకో నెలకో రోగి యింటికి తిరిగివచ్చును. అదే వీధి, అదే బెల్టు దుకాణము, అదే మిత్రబృందము, అదే అప్పు. ఇప్పుడేమి? మద్యవిముక్తి యందలి అసలు ప్రశ్న ఇదియే. మానుట ఒక దినపు పని. మానియుండుట జీవితకాలపు పని. మొదటిదానికి ఔషధము చాలును, రెండవదానికి మనుష్యులు కావలెను.

ఈ సత్యమును సామాన్యజనము తమకు తెలిసిన రీతిలో ఎన్నడో గ్రహించిరి. అనంతపురము జిల్లా బొమ్మనహాళ్ మండలమున ఉంతకల్లు అను గ్రామమున్నది. అచటి పాండురంగస్వామి ఆలయమున మాల ధరించి మద్యము మానుట ప్రసిద్ధమైన ఆచారము. ఏకాదశి దినములలో ఆంధ్రకర్ణాటకముల నుండి జనము అచటికి చేరుదురు. దీనిని మూఢాచారమని కొట్టివేయుట సులభము, దేవుని మహిమయని ఊరకుండుటయు సులభమే. ఆ మాల చేయు పనిని పరిశీలించినచో మూడు సంగతులు కనిపించును. మొదటిది, మాల మెడలో నున్నంతకాలము మిత్రుడు గ్లాసు చాపడు; నిరాకరించుటకు వేరొక కారణము చెప్పవలసిన పని లేదు. రెండవది, వరుసలో తన ముందు నిలిచినవాడును తన వెనుక నిలిచినవాడును తనవంటి వారే. తాను ఒంటరి పాపినను భావము అచట కరగును. మూడవది, తిథి వచ్చినప్పుడు మరల పోవలెను. ఇంట పెట్టుకొన్న ఒట్టునకు ఈ మూడును లేవు. ఒట్టు ఒంటరిది, ఒక్కనాటిది.

ఐనను మాల తీసిన తరువాత ఏమగును? ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ముఖ్యులైన యిద్దరి కథ చెప్పుకొనదగినది. 1935 మే మాసమున అమెరికాలోని ఏక్రన్ పట్టణమునకు బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి ఒక వ్యవహారమునకై వచ్చెను. వ్యవహారము చెడిపోయెను. చేత సొమ్ము లేక, తెలిసినవారు లేక, అతడు హోటలులో ఒంటరిగా నిలిచెను. అప్పటికి అయిదు మాసములుగా మద్యము ముట్టనివాడు. ఒకవైపు బారునుండి నవ్వులు వినవచ్చుచుండెను. మరియొకవైపు టెలిఫోను ఉండెను. త్రాగుబోతులకు బోధించుటకు యత్నించినప్పుడెల్ల వారు మారకున్నను తాను మాత్రము త్రాగక నిలిచితినని అతనికి జ్ఞప్తికి వచ్చెను. చర్చీల జాబితా చూచి ఒకరి తరువాత నొకరికి ఫోను చేసి, తనతో మాటలాడుటకు త్రాగుడుచే బాధపడు మరియొకని చూపుడని అడిగెను. చివరకు రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యునితో మరుసటి దినము సమావేశము కుదిరెను. పదునైదు నిమిషములకంటె కూర్చుండనని వచ్చిన ఆ వైద్యుడు గంటల తరబడి కూర్చుండెను. కారణము, విల్సన్ ఉపదేశింపలేదు; తన కథ చెప్పెను. ఆ కథలో వైద్యుడు తన కథనే వినెను. నడుమ ఒకసారి తప్పినను, 1935 జూన్ 10వ తేదీ తరువాత ఆ వైద్యుడు మరల త్రాగలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు ఆ దినమే జన్మదినమైనది. భారతదేశమున ఆ సంఘము 1957లో మొదలైనది. త్రాగువారి కుటుంబములకై 1951లో ఆల్-అనాన్ అను వేరొక సంఘమును ఏర్పడినది.

ఈ కథలోని విశేషమును గమనింపవలెను. ఆ ఫోను చేసినవాడు ఇతరులను ఉద్ధరించుటకు చేయలేదు. తాను మునుగకుండుటకు చేసెను. సహాయము చేయువాడు పైన, పొందువాడు క్రింద అను వ్యవస్థ అచట కూలిపోయినది. దాసోహభావమును ఎరిగినవారికి ఇది క్రొత్త మాట కాదు. ఇచ్చుటలో అహంకారమున్నచో అది దానము మాత్రమే. ఇచ్చుటచే తాను నిలుచుచున్నానని యెరిగి ఇచ్చినప్పుడే అది దాసోహము.

అట్టి సమావేశము జరుగు తీరు మిక్కిలి నిరాడంబరము. ఒక గది, కొన్ని కుర్చీలు లేక చాపలు, గంట గంటన్నర కాలము. వచ్చినవాడు తన పేరు మాత్రము చెప్పి, తాను మద్యవ్యసనియని ఒప్పుకొనును. ఇష్టమున్నచో తన అనుభవము చెప్పును, లేనిచో వినును. ఒకరు చెప్పునప్పుడు మరియొకరు అడ్డము రారు, తీర్పు చెప్పరు. ప్రవేశ రుసుము లేదు. ఇష్టమైనవారు కొంత సొమ్ము వేయుదురు. బయటివారి విరాళములను స్వీకరింపరు. త్రాగుడు మానవలెనను కోరిక తప్ప సభ్యత్వమునకు వేరొక అర్హత లేదు. కులము, మతము, సంపద అడుగబడవు. అచట విన్నది అచటనే విడిచి రావలెను. వ్యసనులకు మాత్రమైన సమావేశములును, కుటుంబమువారును ఇతరులును రాదగిన సమావేశములును వేరువేరుగా నుండును. మొదటిసారి పోవువాడు ఏది యేదియో ముందు కనుగొని పోవుట మంచిది.

దీనిపై కొన్ని ఆక్షేపణలు వినవచ్చును. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటిది, ఇంటిగుట్టు పదిమందిలో చెప్పినచో కుటుంబగౌరవము పోవునని. నల్లమాడ వంటి చోట ఎవరింట ఏ కూర వండిరో వీధికంతకును తెలియును. త్రాగి వీధిలో పడినవానిని ఊరంతయు చూచియేయున్నది. అందుచేత అతడు దాచుకొనుచున్నది త్రాగుడును కాదు, మానవలెనను ప్రయత్నమును. మానుటకు యత్నించి మరల పడినచో ఊరు నవ్వునని అతని భయము. అందువలననే అతడు తన ఊరి మందిరమునకు రాక, బస్సెక్కి తన్నెరుగని పట్టణమునకు పోవ జూచును. ఇది అతని దోషము మాత్రమే కాదు. పడినవానిని చూచి నవ్వక, లేవజూచువానిని చూచి నవ్వు సమాజపు దోషమును. కుటుంబగౌరవము త్రాగుటచే పోయినది. చెప్పుటచే పోవునది అహంకారము మాత్రమే.

రెండవది, రోగమని చెప్పినచో బాధ్యత తప్పించుకొనుటకు సాకు దొరకునని. ఇది బలమైన ఆక్షేపణ. దెబ్బలు తిన్న భార్యకు, బడి మానిన బిడ్డకు రోగమను మాట ఊరట కాదు. ఐనను రోగమునకు మనుష్యుడు దోషి కాకపోవచ్చును గాని, రోగమున్నదని తెలిసిన పిమ్మట చికిత్స పొందకుండుటకు దోషియే. ఆ సంఘమువారి పన్నెండు మెట్లను పరిశీలించినచో, తన శక్తిచాలమిని ఒప్పుకొనుట మొదటి మెట్టు మాత్రమే. తరువాత తన తప్పులను నిర్భయముగా లెక్కవ్రాసికొనుట, హాని పొందినవారి పేర్లను తలంచుకొనుట, వారికి మరింత హాని కలుగనిచోట పరిహారము చేయుట గలవు. బాధ్యతను తప్పించుకొనువాడు ఆ మెట్లను ఎక్కలేడు. ఇచట ఇంకొక మాట చెప్పక తప్పదు. భర్త సమావేశములకు పోవుచున్నాడు గావున భార్య దెబ్బలు సహింపవలెనని ఎవ్వరును చెప్పరాదు. అతని విముక్తి అతని పని. ఆమె క్షేమము ఆమె హక్కు.

మూడవది, దీనివలన ఫలితమున్నదా యని. 2020లో ప్రకటింపబడిన కోక్రేన్ సమీక్ష 27 పరిశోధనలను, వానిలోని 10,565 మందిని లెక్కలోనికి తీసికొని, ఈ సంఘమార్గమున చేర్చు చికిత్సాపద్ధతి సంపూర్ణముగా మానియుండుటలో ఇతర చికిత్సలకంటె మేలైన ఫలితమునిచ్చెనని తేల్చినది. ఆ పరిశోధనలలో అధికభాగము పాశ్చాత్యదేశములవి. ఇది అందరికిని పనిచేయునని దాని యర్థము కాదు. కొందరు ఔషధముతో, కొందరు భక్తితో, కొందరు కుటుంబబలముతో నిలుతురు. ఐనను పోయినవాడు పోగొట్టుకొనునది ఒక సాయంకాలము. పోనివాడు పోగొట్టుకొనునది అంతకంటె ఎక్కువ. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వేక్షణ ప్రకారము దేశమున మద్యపరాధీనులలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స అందినది. కావున మార్గము మంచిదా చెడ్డదా యను చర్చకంటె ముందు, మార్గమున్నదని తెలియనివారి సంఖ్య చూడవలెను.

శాసనముతో ఈ పని జరుగదా యని మరికొందరడుగుదురు. తెలుగునాట ఆ చరిత్రయు గలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు చేరిన స్త్రీలు సారా దుకాణమును ఎదిరించిరి. ఆ యుద్యమము జిల్లాలన్నిట వ్యాపించగా 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దుకాణములను తన చేతిలోనికి తీసికొన్నది, 2024లో అవి మరల ప్రైవేటువారికి చేరినవి. దుకాణములు మూయబడును, తెరువబడును. చట్టము దుకాణమును మూయగలదు గాని దాహమును మూయలేదు. ఐనను దూబగుంట నేర్పిన పాఠము ఒకటున్నది. ఆ స్త్రీలలో ప్రతి యొక్కతెయు అంతకుముందు తన యింటి దుఃఖమును తన యింటనే అనుభవించినది. రాత్రిబడిలో పలకలు పట్టుకొని కూర్చున్నప్పుడు గాని ఆ దుఃఖము అందరిదియని తెలియలేదు. మొదట కూర్చుండుట, తరువాతనే కదలుట.

కూర్చుండి అనుభవమును పంచుకొనుట కల్యాణపు శరణులకు తెలిసిన మార్గమే. పన్నెండవ శతాబ్దమున అనుభవమంటపములో అల్లమప్రభువు అధ్యక్షతన మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య మొదలైన వారు తమతమ కాయకములనుండి వచ్చి కూర్చుండిరి. పూర్వము దొంగయని చెప్పబడు ఉరిలింగపెద్ది అట్టి శరణులలో గణింపబడెను. కల్లమ్ముట వృత్తిగా గల హెండద మారయ్యయు శరణులలో చేరినవాడే. బసవన్న తన దోషములను తానే నలుగురిలో చెప్పుకొనిన వచనములు అనేకము. పీఠము మీది పెద్ద తన లోపమును ముందు చెప్పినచో క్రింద కూర్చున్నవానికి నోరు వచ్చును. ఆ మంటపమును ఈ సమావేశమును ఒక్కటే యనుట తగదు. వాని లక్ష్యములు వేరు. ఐనను పడినవాడు లోనికి రావచ్చునను మాట మాత్రము రెండింటను ఒక్కటే.

అట్లైనచో మఠములు ఏమి చేయవలెను? చేయదగినది కొంచెమే, చేయకూడనిది కొంత గలదు. వారమున కొక సాయంకాలము ఒక గదిని విడిచి యియ్యవచ్చును. సంఘమువారు చిన్న అద్దె యియ్యజూచినచో పుచ్చుకొనవలెను, ఎందుకనగా ఎవరికిని రుణపడకుండుట వారి నియమము. ఆ గదిలో ప్రవచనము పెట్టరాదు. వచ్చినవారి పేర్లు వ్రాసికొనరాదు. ఎన్నడు మానెనో చెప్పి వేదికపై సన్మానించరాదు. శాలువ కప్పించుకొన్నవాడు మరల జారినచో అదే శాలువ అతనికి ఉరియగును. లింగధారులు గానివారు వచ్చినచో గడప దాటవచ్చునా యను ప్రశ్న పుట్టరాదు. గది మఠమువారిది, సమావేశము వ్యసనులది. ఈ భేదమును గ్రహించిన మఠము నిజముగా సేవ చేసినట్లు.

ఊరిలో సమావేశము లేనిచో? మానదలచినవారు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుండినను అది సమావేశమేయని ఆ సంఘము యొక్క సంప్రదాయము. 2020 కరోనా కాలము మొదలు చేతిఫోను ద్వారా జరుగు సమావేశములును వ్యాపించినవి. బస్సు చార్జీ లేనివానికి అవి వరము. చేరువలోని చికిత్సాకేంద్రమును తెలిసికొనుటకు 14446 అను ప్రభుత్వ సహాయ సంఖ్య ఉన్నది. మనోవ్యథలకు 2022లో ప్రారంభమైన టెలీ-మానస్ వారి 14416 ఉన్నది. ఈ రెండు సంఖ్యలు పంచాయతీ కార్యాలయము గోడమీద, మఠము వాకిట, బడి తలుపు ప్రక్కన వ్రాసియుండుటకు పెద్ద ఖర్చు లేదు.

ఇక మొదటి ప్రశ్నకు రావలెను. మాట తప్పినవానికి మాటతో పని లేదా? ఉన్నది. కాని అది జీవితమునంతటిని పణముగా పెట్టు పెద్ద మాట కాదు. నేటికి మాత్రము త్రాగనను చిన్న మాట. ఆ సమావేశములలో ఒక దినము చొప్పున మానుటయే నేర్పుదురు. వర్షమున్న రైతు కాలమును ఏండ్లతో లెక్కించును. కరువుసీమ రైతు ఒక్కొక్క తడితో లెక్కించును. ఉన్న నీటిని ఈనాటి మొక్కకు పెట్టి రేపటిని రేపు చూచుకొనుట అతనికి ఎవరును నేర్పనక్కరలేదు. త్రాగుడు మాన జూచువాడును తన సేద్యము నుండియే ఆ విద్యను తెచ్చుకొనవచ్చును.

అట్టివాడు ఒకడు నల్లమాడనుండి బస్సెక్కి పట్టణమునకు పోయి, తలుపు ముందర నిలిచి, లోనికి పోవుదునా వెనుదిరుగుదునా యని తటపటాయించుచుండునని తలంపుడు. ఆ క్షణమున లోపలనుండి ఒకరు చాప మీద కొంచెము జరిగి చోటిచ్చినచో చాలును. అతనికి ఆ దినమున ధర్మశాస్త్రము అక్కరలేదు. మరల పడినను ఆ చోటు అట్లే ఉండునని తెలిసినచో, అతడు మరల లేచుటకు కారణమొకటి మిగులును. ఆ చోటును ఖాళీగా నుంచుటయే చుట్టునున్నవారి ధర్మము.